కెమెరా మగవారి సొత్తా?

మీ ఇంట్లో బీరువా అడుగున పెళ్లి ఆల్బమూ, పిల్లల పుట్టినరోజుల ఆల్బమూ ఉండే ఉంటాయి. ఓసారి బయటికి తీసి తీరిగ్గా తిరగెయ్యండి. ఎవరెవరు ఉన్నారో అందరూ చూస్తారు. మీరు మాత్రం ఎవరు లేరో చూడండి. పందిట్లో పట్టుచీరల వాళ్లంతా ఉంటారు. పెళ్లికి నాలుగు రోజుల ముందునుంచి అరిసెల పాకం దగ్గర కదలకుండా కూచున్న మేనత్త ఉండదు. విస్తళ్ల ముందు వరసగా కూచున్న మగపెళ్లివారంతా ఉంటారు. గాడిపొయ్యి దగ్గర చెమటలు కక్కిన పిన్ని ఉండదు. ఒకవేళ ఉన్నా సగం మొహమే, ఎవరి భుజం వెనకాలో, కొంగు అడ్డం పెట్టుకుని!

ఇందులో ఎవరి కుట్రా లేదు. కెమెరా పట్టుకున్న మనిషి ఎటు చూస్తే అదే ఫోటో అవుతుంది. మన ఇళ్లలో ఇన్నాళ్లూ కెమెరా పట్టుకున్నది బాబాయో, బావగారో, స్టూడియో కుర్రాడో. పాపం, వాళ్లకి వంటింటి వైపు చూసే అవసరం ఎప్పుడొచ్చింది కనక? పదేళ్ల తర్వాత, ఇరవై ఏళ్ల తర్వాత ఒక ఇంట్లో గానీ, ఒక ఊళ్లో గానీ ఏది గుర్తుండాలో, ఏది మరుగున పడాలో తేల్చేది ఆ కెమెరా పట్టిన చెయ్యే. ఆ చెయ్యి మనది కూడా కావాలి. నేను చెప్పదల్చుకున్నది ఇంతే.

"ఇదీ ఓ సమస్యేనా?" అంటారా? మా చోడవరంలో మా వీధి చివర ఓ పెద్దావిడ ఉండేది. డెబ్బై ఏళ్లు దాటిన మనిషి. ముగ్గురు కొడుకుల్నీ, ఇద్దరు కూతుళ్లనీ పెంచి, అందరి పురుళ్లూ పుణ్యాలూ తన చేతుల మీద నడిపిన ఇల్లాలు. ఆవిడ పోయిన మర్నాడు దండ వెయ్యడానికి ఫోటో కోసం ఇల్లంతా గాలించారు. కొడుకు పెళ్లినాటి గ్రూపు ఫోటోలో వెనక వరసలో ఉంది గానీ మొహం కనపడదు. చివరికి ఆధార్ కార్డు మీది బొమ్మనే స్టూడియోలో పెద్దది చేయించి, వెనకాల నీలం రంగు వేయించి ఫ్రేము కట్టించారు. పదకొండో రోజున పెద్దకూతురు నా చెయ్యి పట్టుకుని, "మాయమ్మ ఎప్పుడూ ఇలాగ సూడ్లేదప్పా! ఏదో బెదిరిపోయినట్టుంది సూడు" అని ఏడ్చింది.

ఆ కూతురి చేతిలోనే ఫోను ఉంది. అందులో పిల్లల ఫోటోలు, తోటికోడలి చీర ఫోటో, హోటల్లో తిన్న ఐస్‌క్రీము ఫోటో... లెక్కలేనన్ని ఉన్నాయి. అమ్మ ఫోటో మాత్రం ఒక్కటీ లేదు. "నన్నెందుకే, నేనేటి బాగుంటాను" అంటూ ఆవిడ ఎప్పుడూ పక్కకి తప్పుకునేదట. తప్పుకోనిచ్చారు! మన ఇళ్లలో చాలామంది అమ్మల కథ ఇదే.

ఫోనుంటే సరిపోతుందా?

"ఇప్పుడు అందరి చేతుల్లోనూ కెమెరా ఉందిగా, ఇంకా మగవాళ్లూ ఆడవాళ్లూ ఏమిటి?" అని మీరు అడగొచ్చు. నిజమే, ఫోను చేతికొచ్చింది. అయితే కళ్లు పాత చోటనే ఉన్నాయి. జాతరకెళ్తే మన మొహం మనమే తీసుకుంటాం. గుడికెళ్తే గోపురం ముందు వరసగా నిలబడతాం. ఆ జాతరలో పసుపు కుంకుమలు అమ్ముకునే ముసలామె చేతులు ఎంత అందంగా ఉంటాయో ఎవరికీ కనపడవు.

ఒకప్పుడు ఒక రీలుకి 36 బొమ్మలే వచ్చేవి. ఎక్కడ డబ్బులు దండగవుతాయోనని ఒక్కోటీ ఆలోచించి నొక్కేవాళ్లు. ఇప్పుడు ఆ భయం పోయింది, దాంతోపాటు ఆలోచనా పోయింది. మూడొందల ఫోటోలు తీస్తాం, మూడు కూడా మళ్లీ చూడం.

నేను డిగ్రీ చదివి, ఇల్లు చూసుకుంటూ, తీరిక దొరికినప్పుడు కథలు రాసుకునే మనిషిని. "కథలు చాలవా, మళ్లీ ఈ ఫోటోల పిచ్చొకటా?" అని మావారు మొదట్లో నవ్వారు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి. కథ రాయడానికీ ఫోటో తియ్యడానికీ కావలసింది ఒకటే. పక్కవాళ్లని శ్రద్ధగా చూడ్డం! ఆ చూడ్డమనేది ఆడవాళ్లకి కొత్తగా నేర్పక్కర్లేదు. చంటిపిల్లాడి మొహం చూసి జ్వరం వస్తుందని పసిగట్టే కళ్లు మనవి.

మనకంటే ముందు నడిచినవాళ్లు

ఫోటోగ్రఫీ ఆడవాళ్లకి అచ్చిరాని విద్యేమీ కాదు. 1839 ఆగస్టు 19న ఫ్రాన్సు ప్రభుత్వం డాగేర్ కనిపెట్టిన పద్ధతిని లోకానికి వెల్లడి చేసింది. నాలుగేళ్లు తిరక్కుండానే, 1843లో, ఇంగ్లండులో ఆనా అట్కిన్స్ అనే ఆవిడ సముద్రపు నాచుల అచ్చులు నీలిరంగులో తీసి పుస్తకంగా తేవడం మొదలుపెట్టింది. ఫోటోలతో వచ్చిన మొట్టమొదటి పుస్తకం అదేనని చెబుతారు.

నాకు మరీ ఇష్టమైన కథ జూలియా మార్గరెట్ కామెరాన్‌ది. 1815లో మన కలకత్తాలో పుట్టింది. పిల్లల్ని పెంచి పెద్దచేశాక, 48వ ఏట కూతురూ అల్లుడూ ఒక కెమెరా కానుకగా ఇచ్చారు. బొగ్గులు పోసుకునే గదిని డార్క్‌రూముగా, కోళ్లగూడుని స్టూడియోగా మార్చేసుకుంది! ఇంట్లో పనిమనుషుల్నీ, బంధువుల్నీ, ఇంటికొచ్చిన పెద్ద పెద్ద కవుల్నీ కూచోబెట్టి ఆవిడ తీసిన ఫోటోల్ని ఈనాటికీ మ్యూజియాల్లో దాచుకుంటున్నారు. "ఈ వయసులో ఏం నేర్చుకుంటాం" అనే అక్కయ్యలు ఈ కోళ్లగూడు సంగతి గుర్తుంచుకోవాలి సుమా!

మన హైదరాబాదు సంగతికి వస్తే, నిజాం కొలువులో పేరుపొందిన రాజా దీన్‌దయాళ్ 1892లో అక్కడ ఘోషా స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచాడు. దాన్ని నడిపింది కెన్నీ లెవిక్ అనే ఓ ఇంగ్లీషు దొరసాని. ఆడవాళ్లు ఆడవాళ్ల ముందైతేనే హాయిగా కూచుంటారన్న సంగతి అంత పాతకాలంలోనే ఆయనకి తట్టిందన్న మాట.

ఇక హోమాయ్ వ్యారవాలా. 1913లో గుజరాత్‌లోని నవసారిలో పుట్టిన ఈ పార్సీ వనిత మన దేశంలో మొదటి మహిళా ప్రెస్ ఫోటోగ్రాఫరు. ఆవిడ తీసిన తొలి ఫోటోలు భర్త పేరుతోనే అచ్చయ్యాయి. ఆడమనిషి తీసిందంటే ఎవరు నమ్ముతారు? ఆ తర్వాత చీరకట్టుతో, బరువైన కెమెరా సామాను మోసుకుని, ఢిల్లీ వీధుల్లో సైకిలు మీద తిరుగుతూ 1947 నాటి స్వాతంత్య్ర వేడుకలు మొదలు ఎన్నో చరిత్రాత్మక ఘట్టాలు తీసింది. 2011లో పద్మవిభూషణ్ అందుకుని, 2012 జనవరిలో 98 ఏళ్ల వయసులో కన్నుమూసింది. మనం ఆవిడంత కానక్కర్లేదు. మన వీధికి మనం హోమాయ్ అయితే చాలు.

మన చుట్టూ ఏం తక్కువ?

"చోడవరంలో ఫోటో తియ్యడానికేముంది, అరకు వెళ్తే గానీ..." అంటుంటారు. 2022 ఏప్రిల్ దాకా విశాఖపట్నం జిల్లాలో ఉండి, ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో కలిసిన మా ఊరి చుట్టూ ఏడాది పొడుగునా ఏదో ఒక సందడి ఉంటూనే ఉంటుంది. క్యాలెండరు పక్కన పెట్టుకుని చూడండి.

సంక్రాంతి నెలలో తెల్లారకట్ట ముగ్గులుంటాయి. ముగ్గుని నిలబడి తీస్తే సాగినట్టు వస్తుంది. స్టూలెక్కి పైనుంచి తియ్యండి. ఎండ అప్పుడే ఏటవాలుగా పడుతున్నప్పుడైతే పిండి గీత ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. ముగ్గుతోపాటు ముగ్గు పెట్టిన చెయ్యి కూడా రావాలి. కనుమనాడు అనకాపల్లి పక్కన శంకరం దగ్గర బొజ్జన్నకొండ మీద తీర్థం జరుగుతుంది. రాతిని తొలిచిన బౌద్ధ గుహలు, పక్కన లింగాలకొండ మీద వరసగా రాతి స్తూపాలు. ఒకప్పుడు ఆ కనుమ తీర్థానికొచ్చిన జనం ఆ కట్టడాల మీద రాళ్లు విసిరేవారు! అది తప్పని నచ్చజెప్పి మాన్పించారు. మీరు రాళ్ల బదులు కెమెరా పట్టుకెళ్లండి. పురావస్తు శాఖ వారి కట్టడం కనక స్టాండు పెట్టి తియ్యాలంటే అనుమతి అడగాలి, చేత్తో తీసుకోడానికైతే ఇబ్బంది ఉండదు.

చలికాలం నుంచి వేసవి మొదలయ్యే దాకా బెల్లం రోజులు. అనకాపల్లి బెల్లం మార్కెట్టు దేశంలోనే పెద్ద పేరున్నది. ఆ బెల్లం పుట్టేది మాత్రం మన పల్లెల్లో, పొలాల గట్ల మీద. పెద్ద పెనంలో చెరుకురసం తెర్లుతుంటే లేచే ఆవిరిని చూశారా? వెలుతురు మీ వీపు వైపు నుంచి వస్తే ఆవిరి కనపడదు. ఆవిరికి అవతలి వైపునుంచో, పక్కనుంచో ఎండ పడేలా నిలబడండి, బంగారంలా మెరుస్తుంది. పెనం దగ్గర మగవాళ్లని అందరూ తీస్తారు. పిప్పి ఎండబెడుతున్న ఆడకూలీని తియ్యడం మర్చిపోవద్దు. గోవాడ చక్కెర ఫ్యాక్టరీకి చెరుకుబళ్లు బారులు తీరిన రోజులు మా ఊరివాళ్లందరికీ గుర్తే. ఆ బళ్ల బారు ఫోటో ఎంతమంది ఇళ్లలో ఉంది? రోజూ కళ్లెదుట ఉన్నది ఎప్పటికీ ఉంటుందనుకుంటాం. అందుకే తియ్యం.

ఉగాదికి ముందురోజు కొత్త అమావాస్యకి అనకాపల్లి నూకాలమ్మ జాతర, మే నెలలో పాడేరు మోదకొండమ్మ పండగ, ఆషాఢ పున్నమికి సింహాచలం గిరిప్రదక్షిణ. ముప్ఫై కిలోమీటర్ల పైచిలుకు కాలినడకన తిరిగే భక్తుల్లో ఆడవాళ్లెంతమందో! ఆ నడకలో మొహాలకన్నా పాదాలు చూడండి. ఇక వినాయకచవితికి మా చోడవరంలో స్వయంభూ విఘ్నేశ్వరుడి గుడి కిటకిటలాడుతుంది. సగం నేలలోనే ఉండి పైభాగమే దర్శనమిచ్చే స్వామి. తొండం చివర ఎక్కడుందో ఎవరికీ కనిపించలేదని మా పెద్దలు చెప్పుకునేవారు. గర్భగుడిలో ఫోటో తియ్యకూడదు. తియ్యాల్సిన అవసరమూ లేదు. గుడి బయట గరిక అమ్మే గుంటల్ని, ఉండ్రాళ్ల తపేలాలతో వరసకట్టిన అమ్మల్ని చూస్తే చాలదూ?

దసరా వెళ్లిన మంగళవారం విజయనగరంలో పైడితల్లి సిరిమానోత్సవం. అంత ఎత్తున మాను చివర పూజారి కూచుని ఊరేగుతుంటే కిందినుంచి తీస్తే తలలే వస్తాయి. తెలిసినవాళ్ల డాబా మీద ముందే చోటు చూసుకోవాలి. నవంబరు వచ్చేసరికి అరకు, పాడేరు కొండల్లో వలిసె పూలు పసుపు పరిచినట్టుంటాయి. అది గిరిజన రైతు పంట సుమండీ, మన సెల్ఫీ కోసం వేసిన తోట కాదు. చేలో దిగి తొక్కేస్తే వాళ్ల నూనెగింజలు పోతాయి. గట్టు మీదే నిలబడి, అడిగి, అడిగినదేదో చేతిలో పెట్టి తియ్యండి. శీతాకాలం ఉదయాన కొండకర్ల ఆవకి వెళ్తే తామరలు, వలసపిట్టలు, తాటిదోనెల్లో వెళ్లే మనుషులు. ఏ రోజైనా సరే ఏటికొప్పాక వెళ్లొచ్చు. లక్కబొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. తిరిగే కర్ర మీద లక్క కరిగి రంగు పట్టే ఆ క్షణాన్ని కిటికీ వెలుగులో తీసి చూడండి, ఫ్లాషు అక్కర్లేదు.

ఇవి పాటించి చూడండి

ఖరీదైన కెమెరా ఉంటే గానీ ఫోటోలు రావనుకోవద్దు. చేతిలో ఉన్న ఫోనుతోనే ఇవి చెయ్యొచ్చు.

1. ముందు ఫోను అద్దం తుడవండి. నూనె చేతులతో పట్టుకుంటాం కదా, సగం ఫోటోలు మసకబారేది అందుకే. పాత మెత్తని నూలుగుడ్డ చాలు.

2. మిట్టమధ్యాహ్నం ఎండలో కళ్లకింద నల్లటి నీడలు పడతాయి. పొద్దున తొమ్మిదిలోపు, సాయంత్రం నాలుగున్నర తర్వాత తియ్యండి. తప్పనప్పుడు మనిషిని అరుగు మీదికో, చెట్టు నీడకో తీసుకురండి.

3. ఇంట్లో అయితే కిటికీ పక్కన కూచోబెట్టి, ట్యూబులైటు ఆర్పేసి, ఫ్లాషు మానేసి తియ్యండి. మొహంలో కళ వస్తుంది.

4. దూరంనుంచి వేళ్లతో సాగదీసి దగ్గర చెయ్యకండి, బొమ్మ చెదిరిపోతుంది. రెండడుగులు ముందుకి నడవండి. మోచేతులు ఒంటికి ఆనించి, రెండు చేతులతో పట్టుకుంటే ఫోను వణకదు.

5. పిల్లల్ని తీసేటప్పుడు పీటేసుకుని కూచోండి. వాళ్ల కళ్ల ఎత్తుకి మీ కెమెరా రావాలి.

6. నొక్కేముందు వెనకాల ఏముందో చూడండి. తలమీంచి కరెంటు స్తంభం మొలిచినట్టు, పక్కన చెత్తబుట్ట కూచున్నట్టు ఎన్ని పెళ్లిఫోటోల్లో లేదు!

7. జాతరకి జనం ముసరకముందే వెళ్లండి. ఫోనుకి మణికట్టు తాడు కట్టుకోండి. వెంట ఓ స్నేహితురాలు ఉంటే ఒకరు తీస్తుంటే ఒకరు దారి చూస్తారు. "ఇవాళ నా దగ్గర 36 బొమ్మల రీలే ఉంది" అని అనుకుని తియ్యండి. ఎంత తేడా వస్తుందో మీకే తెలుస్తుంది.

8. "ఇటు చూడు, నవ్వు" అనకండి. చేస్తున్న పని చేసుకోనివ్వండి. చేట చెరిగేటప్పుడు, మనవరాలికి జడ వేసేటప్పుడు మా వీధి పెద్దావిడ మొహం ఎంత వెలిగేదో నాకు తెలుసు. కెమెరా ముందు నిలబెడితేనే మనవాళ్లు బిగుసుకుపోతారు.

అడిగి తియ్యడం మర్యాద

ఒక్క మాట ఖచ్చితంగా చెప్పాలి. మనల్ని ఎవరైనా చెప్పకుండా ఫోటో తీస్తే ఒళ్లు మండుతుందా, లేదా? మనం తీసేటప్పుడూ అదే న్యాయం. ఏటిరేవులో స్నానాలు చేసేవాళ్లని, పూనకం వచ్చి ఒంటిమీద ధ్యాస లేనివాళ్లని, బిడ్డకి పాలిచ్చే తల్లిని, శవం దగ్గర ఏడ్చేవాళ్లని తియ్యకండి. పరాయిపిల్లల ఫోటోలు వాళ్ల అమ్మనడక్కుండా నలుగురిలో పెట్టకండి. గరిక అమ్మే ఓ ముసలమ్మని నేను అడిగితే, "ఏటమ్మా, మాలాంటోల్ని తీస్తే ఏటొస్తాది?" అని నవ్వి, కొంగు సర్దుకుని, బొట్టు దిద్దుకుని కూచుంది. తర్వాత ఫోటో కడిగించి తీసుకెళ్లి ఇస్తే చాలాసేపు దాన్నే చూసుకుంది. మాట ఇస్తే ఫోటో ఇవ్వాలి. అది అప్పులాంటిది.

మన ఫోటోల విషయంలోనూ జాగ్రత్త అవసరమే. ఒక ఆడమనిషి ఏకాంతంలో ఉన్నప్పుడు ఆమెకి తెలియకుండా ఫోటో తియ్యడం, దాన్ని పంచడం భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షను కింద నేరం. మొదటిసారికే ఏడాదికి తగ్గకుండా మూడేళ్ల దాకా జైలు. ఇలాంటిది జరిగితే పరువు పోతుందని నోరు మూసుకుని కూచోవద్దు. పోలీసులకైనా, జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌కైనా ఫిర్యాదు చెయ్యొచ్చు. 181 నంబరుకి ఫోను చేసి సాయం అడగొచ్చు. పోయేది తప్పు చేసినవాడి పరువే. ఎవరో వెధవ పని చేస్తాడని భయపడి ఆడపిల్ల చేతిలో కెమెరా లాక్కోవడం మాత్రం దొంగ వస్తాడని మన తలుపుకి మనమే మేకులు కొట్టుకోవడం లాంటిది.

తీసినవి దాచుకోవడం ఎలా?

తియ్యడం ఒక ఎత్తు, దాచడం ఒక ఎత్తు. ఫోను నీళ్లలో పడితే నాలుగేళ్ల సంసారం కొట్టుకుపోయినట్టే. ఏడాదికోసారి, ఉగాదికో దీపావళికో, మంచివి ఓ ఇరవై ఏరి కాగితం మీద అచ్చు వేయించండి. మిగిలినవి ఫోనులో ఒకచోట, పెన్‌డ్రైవులోనో కంప్యూటర్లోనో మరోచోట ఉంచండి. ప్రతి ఫోటో వెనకా మెత్తని పెన్సిలుతో ఎవరు, ఎక్కడ, ఏ సంవత్సరం అన్నది రాయండి. బాల్‌పెన్ను నొక్కు ముందువైపుకి తేలుతుంది. పేరు రాయని ఫోటో రెండు తరాలయ్యాక ఎవరికీ చెందదు.

పాత ఆల్బముల్లో జిగురు అట్టలమీద ప్లాస్టిక్ కాగితం కప్పినవి ఉంటాయే, ఆ జిగురు ఫోటోని తినేస్తుంది. మెల్లగా తీసి వేరే కవర్లలో పెట్టండి. రానివాటిని పీకకండి, అట్టతో సహా ఫోనుతో తీసుకోండి. పాత ఫోటోని ఎండ పడని వరండాలో బల్లమీద పరిచి, మీ నీడా, మెరుపూ పడకుండా తిన్నగా పైనుంచి తీస్తే చక్కని కాపీ వస్తుంది. నెగెటివులు పారెయ్యకండి, వాటినుంచి ఇప్పటికీ మంచి ఫోటోలు వేయించొచ్చు. మన సముద్రపు గాలికి కెమెరా అద్దాలకి బూజు పడుతుంది. గాలి చొరని స్టీలు డబ్బాలో, కొత్త చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా గింజల పొట్లాలు వేసి దాచండి.

సరదాయేనా, బతుకుతెరువా?

ఆడపిల్ల ఫోటోగ్రఫీ నేర్చుకుంటానంటే "స్టూడియో పెట్టి ఎవర్ని ఉద్ధరిస్తావు?" అని వెక్కిరించే ఇళ్లున్నాయి. ఆలోచించండి. ఓణీల వేడుక, సీమంతం, బారసాల, పెళ్లికూతుర్ని చేసే రోజు... ఇవన్నీ ఆడవాళ్ల మధ్య జరిగే ముచ్చట్లు. అక్కడ ఆడమనిషి కెమెరా పట్టుకుంటే ఎంత హాయి! దీన్‌దయాళ్ 1892లో గ్రహించింది మనం ఇప్పటికైనా గ్రహించకపోతే ఎలా? బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థల్లో ఫోటోగ్రఫీ, వీడియోగ్రఫీ ఉచితంగా నేర్పుతారు. డిగ్రీలాగే చదవాలంటే హైదరాబాదులో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో కోర్సు ఉంది. 2015లో హైదరాబాదులోనే ఇండియన్ ఫోటో ఫెస్టివల్ కూడా మొదలైంది. పిల్లల్ని సర్కసుకి తీసుకెళ్లినట్టు అలాంటి ప్రదర్శనలకి ఒకసారి తీసుకెళ్లి చూడండి, ఫోటో అంటే ఏమిటో వాళ్ల కళ్లు తెరుచుకుంటాయి.

ఏటా ఆగస్టు 19న మన పట్టణాల్లో ఫోటోగ్రాఫర్ల సంఘాలవాళ్లు డాగేర్ పటానికి దండ వేసి ప్రపంచ ఫోటోగ్రఫీ దినోత్సవం జరుపుతారు. మర్నాడు పేపర్లో వచ్చే ఫోటోలో ఒక్క చీరైనా కనిపిస్తుందేమోనని నేను వెతుకుతుంటాను. ఆ సంఘాల సోదరులకి నాదొక విన్నపం. ఆ ఒక్కరోజు మీ ఊళ్లో ఆడపిల్లల్ని పిలిచి, రెండు గంటలపాటు కెమెరా పట్టుకోవడం నేర్పండి. దండలకయ్యే ఖర్చు కూడా కాదు.

మన మహిళలకి ఇంకో మాట. నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. మీ ఊరి శాఖా గ్రంథాలయం వారిని ముందుగా అడిగి, గోడకి ఓ తాడు కట్టి, బట్టల క్లిప్పులతో మీరు తీసిన ఫోటోలు వేలాడదియ్యండి. "మా అమ్మ పని" అని దానికో పేరు పెట్టండి. పిండి రుబ్బే చేతులు, నాట్లు వేసే నడుములు, అప్పడాలు ఎండబెట్టే డాబాలు, బడికి జడలు వేసే పొద్దుటి హడావుడి... ఊరంతా వచ్చి నిలబడి చూస్తుంది. రోజూ ఇంట్లో చూసేదే అయినా, గోడ మీద చూసినప్పుడు "ఇంత పని చేస్తుందా మా అమ్మ?" అనుకునేవాళ్లు కొందరైనా ఉంటారు.

అంతవరకూ ఎందుకు? ఈ పేజీ చదవడం అయ్యాక మీ అమ్మనో, అత్తగారినో కిటికీ దగ్గర కూచోమనండి. "నన్నెందుకే" అంటారు. అన్నా సరే, ఈసారి తప్పుకోనివ్వకండి. కూరగాయలు తరుగుతూ ఏదో చెప్పుకుపోతుంటే ఓ నాలుగు ఫోటోలు తియ్యండి. తీసి, ఆవిడకే ముందు చూపించండి. ఆ తర్వాత ఫోను ఆవిడ చేతికిచ్చి, "ఇప్పుడు నన్ను తియ్యి" అనండి. మన వరసలో మనమూ ఉండాలి కదా!